పదో తరగతి వేలంపాట

2018 మార్చి తొమ్మిదో తేదీ, శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. తాడేపల్లిగూడెంలో ఎండ ముప్పై ఆరు డిగ్రీలకు చేరింది; గాలి ఆడటం లేదు; పడమట పల్చటి తెల్లమబ్బు ఒకటి కదలకుండా నిలిచి ఉంది. ఉల్లిపాయల మార్కెట్టుకు రెండు వీధుల అవతల ఉన్న హైస్కూల్లో, పదో తరగతి గదిలో, నల్లబల్ల ముందరి సిమెంటు అరుగు మీద నిలబడి లక్ష్మీదుర్గ డస్టరుతో మేజాబల్లను గట్టిగా చరిచింది. సుద్దపొడి లేచింది. గది సద్దుమణిగింది.

ఆ బడిలో వీడ్కోలు రోజున పదో తరగతి పిల్లలను వేలం వేయడం ఆనవాయితీ. వినేవారికి విడ్డూరంగా తోచే ఈ ఆనవాయితీకి సబబైన కారణమే ఉంది. సోషల్ టీచరు రాజకుమారి గారు ఆ బడికి వచ్చిన కొత్తలో, వీడ్కోలు సభలో పిల్లలు ఒక్కొక్కరే లేచి "నా పేరు ఫలానా, నా హాబీ క్రికెట్టు, నా ఆశయం డాక్టరు కావడం" అని అప్పజెప్పి కూర్చునేవారు. చెప్పేవారికి అందులో ఉత్సాహం ఉండేది కాదు, వినేవారికి శ్రద్ధ ఉండేది కాదు. అయితే ఆ తరగతిలో సగం మంది కమీషను కొట్ల యజమానుల పిల్లలు, గుమస్తాల పిల్లలు, బస్తాలు కుట్టేవారి పిల్లలు. వాళ్ళు నోరు మూసుకుని వినేది ఒక్కటే, ఆదివారం ఉల్లిపాయల వేలం. అది గమనించిన రాజకుమారి గారు ఆ మరుసటేడు పద్ధతి మార్చారు. తరగతి ఎన్నుకున్న ఒకరు వేలం వేయాలి. ఒక్కొక్కరినీ అరుగు మీద నిలబెట్టి వారి స్వభావం, సరదా, ఆశయం చాటాలి. తోటివాళ్ళు పాడాలి. పాట డబ్బుతో కాదు, మాటతో. ఆ ఆశయం నెరవేరడానికి నేను ఫలానా పని చేసిపెడతానని పాడినవారిలో ఎవరి మాట బరువుగా ఉంటే వారి మీద పాట కొట్టేస్తారు. కొట్టేశాక ఆ మాట నిలబెట్టుకు తీరాలి. మొదటి ఏడాది ఒక కుర్రవాడు, పరీక్షలయ్యేదాకా స్నేహితుణ్ణి రోజూ తెల్లవారుజామున లేపుతానని పాడి, తనకు జ్వరం వచ్చిన రోజున కూడా వెళ్ళి లేపాడు. దాంతో ఆ వేలానికి పరువు ఏర్పడింది.

లక్ష్మీదుర్గను తరగతి ఏకగ్రీవంగా ఎన్నుకుంది. ఆమె తండ్రి గోపీనాథ్‌కు మార్కెట్టులో ఉల్లిపాయల కమీషను కొట్టు ఉంది. చిన్నప్పటి నుంచి ఆదివారం ఉదయం కాఫీ ఫ్లాస్కు పట్టుకెళ్ళే నెపంతో ఆమె ఆ కొట్లో బస్తాల మీద చేరగిలబడి, గుమస్తా వీర్రాజు వేలం వేసే తీరును ఒంటబట్టించుకుంది. గొంతు ఎక్కడ లేపాలి, ఎక్కడ ఆపాలి, ఎవరి కళ్ళలోకి చూస్తే ఇంకో పాట రాలుతుంది అన్నవన్నీ ఆమెకు తెలుసు. ఇంటి డాబా మీద ఆరేసిన బట్టలను, మామిడి ఒరుగులను, ఒకసారి పక్కింటివారి పిల్లిని కూడా ఆమె వేలం వేసింది. తల్లి అమ్మాజీ దాన్ని అల్లరి అనుకుంది. అది అల్లరి కాదని తరగతిలో ఆమె స్నేహితులు వైష్ణవికీ చరణ్‌తేజకూ మాత్రమే తెలుసు.

లక్ష్మీదుర్గకు ఇక్కడే కామర్సు గ్రూపు చదివి, ఆ పైన బీకాం చేసి, తండ్రి కొట్లో వేలం వేయాలని ఉంది. గోపీనాథ్ ఆమెకు విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ సీటు అప్పటికే ఖాయం చేశాడు. కూతురు ఇంజనీరై, ఫ్యాను కింద, బస్తాలు లేని గదిలో కూర్చుని పనిచేయాలన్నది అతడి కోరిక. అందులో పంతం కన్నా ప్రేమ ఎక్కువ. అందువల్లే ఆమెకు ఎదురుచెప్పడం కష్టమైంది. సీటు వదులుకుంటానని చెప్పడానికి వేసవి సెలవుల్లో ఎప్పుడో ధైర్యం చిక్కుతుందని ఆమె రోజులు నెట్టుకొస్తోంది.

ఆ ఏడు జరిగిన చిన్న మార్పు ఆ గడువును కొట్టేసింది. హాల్‌టికెట్లు తీసుకునేటప్పుడు పెద్దవాళ్ళు సంతకం పెట్టాలని హెడ్మాస్టరు కబురంపారు. ఆ సంతకాలూ వీడ్కోలు సభా ఒకే మధ్యాహ్నం పెట్టారు. దాంతో పెద్దవాళ్ళు వెనక బెంచీల మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నారు. వారి మధ్య గోపీనాథ్‌ను చూసిన వెంటనే లక్ష్మీదుర్గ వైష్ణవిని పక్కకు లాగింది. వేలం వేసేవారిని వేరొకరు వేలం వేయాలన్నది నియమం. ఆ పని వైష్ణవిది.

"నా ఆశయం ఇంజనీరని చెప్పు."

"అదేంటే? మరి..."

"నాన్నగారు వచ్చారే. చెప్పు, అంతే."

వేలం మొదలైంది. ముందుగా వినయ్ అరుగెక్కాడు. మార్కెట్టులో గోపీనాథ్ కొట్టుకు సరిగ్గా ఎదర కొట్టు ఆంజనేయప్రసాద్‌ది. వినయ్ అతడి కొడుకు.

"సరుకు చూసుకోండమ్మా, సరుకు చూసుకోండి బాబూ!" లక్ష్మీదుర్గ గొంతు గది దాటి వరండాలోకి వెళ్ళింది. "రకం వినయ్. వాగుడు జాస్తి, కడుపులో ఏదీ దాగదు. రహస్యం చెప్పుకోవాలంటే మైకులో చెప్పుకున్నట్టే. సరదా, చచ్చిపోయిన సెల్‌ఫోన్లు విప్పి బిగించడం. బిగించిన ప్రతిసారీ ఒక స్క్రూ మిగులుతుంది. ఆశయం, ఏలూరులో సొంతంగా సెల్‌ఫోన్ల కొట్టు! పాడండి!"

"మిగిలిన స్క్రూలన్నీ డబ్బాలో వేసి నేను దాస్తానే!" అని ఎవరో అరిచారు.

"తేలిక పాటండీ, తేలిక పాట! ఆ పైన?"

ప్రసన్నలక్ష్మి మెల్లగా చెయ్యెత్తింది. "మా ఇంట్లో పాడైపోయిన ఫోన్లన్నీ వాడికే ఇస్తాను. పాడుచేసినా ఏమీ అనను."

"పాడైపోయినవాటిని ఇంకా ఏం పాడుచేస్తాన్లే," అన్నాడు వినయ్. పాట ప్రసన్నలక్ష్మి మీద కొట్టేశారు.

తరవాత ప్రసన్నలక్ష్మే అరుగెక్కింది. మాట తక్కువ, నోట్సు అడిగితే ఇవ్వదు, అడగనివాళ్ళకు తనే తెచ్చి ఇస్తుంది, సరదా, వీధికుక్కల కాళ్ళకు కట్లు కట్టడం, ఆశయం నర్సు. "నాకు దెబ్బ తగిలినప్పుడల్లా ముందు దీనికే చూపిస్తాను" అని వినయ్ బాకీ తీర్చుకున్నట్టు పాడాడు. "నువ్వు కుక్కల తరవాత రారా!" అని ఆమె అనగానే, ఆ పిల్ల నోట అంత మాట ఎన్నడూ వినని తరగతి బెంచీలు చరిచింది. రోజూ సాయంత్రం గంటసేపు ఇంగ్లీషు చదివిస్తానని పాడి వైష్ణవి ఆ పాట దక్కించుకుంది.

అలా పేర్లు సాగిన కొద్దీ లక్ష్మీదుర్గ తండ్రిని మరిచిపోయింది. సరుకు చాటేటప్పుడు ఆమెకు నోటి మీద అదుపు తక్కువ. దానికితోడు వీర్రాజు దగ్గర నేర్చుకున్న నియమం ఒకటి ఆమె మనసులో బలంగా నాటుకుని ఉంది. వేలం వేసేవాడు ఒక బస్తా కుట్టు విప్పి, పాయలు నేల మీద కుమ్మరించి, ఉన్నది ఉన్నట్టు చాటాలి. తడిసిన పాయను ఎండుపాయ అన్నాడంటే ఆ కొట్టు మాటకు మరి విలువ ఉండదు. ఈ రెండు కారణాలూ కలిసి చరణ్‌తేజ వంతు వచ్చినప్పుడు పనిచేశాయి.

చరణ్‌తేజది కొల్లేటికోట. గూడెంలో మేనత్త ఇంట ఉండి చదువుకుంటున్నాడు. మేనత్త ఉద్యోగానికి వెళుతుంది కనుక ఇంట్లో వంట అతడిది. తల్లిదండ్రులకు చెరువులో చేపల పట్టుబడి రోజు కావడంతో, సంతకానికి నాయనమ్మ పాపాయమ్మ బస్సులు మారి వచ్చింది. తన ఆశయం పోలీసు ఎస్సై అని చెప్పమని అతడు ముందే చెప్పి పెట్టాడు.

"రకం చరణ్‌తేజ. నెమ్మది. కోపం వస్తే అన్నం మానేస్తాడు, కానీ మనందరికీ వడ్డించాకే మానేస్తాడు. సరదా, వంట. ఆశయం..." అతడి చొక్కా చేతి అంచున పసుపు మరక ఆమె కంటపడింది. ఏడాది పొడవునా మధ్యాహ్నం పూట తమ క్యారియర్లలోకి వచ్చిన అతడి కూరలు గుర్తొచ్చాయి. "ఆశయం ఎస్సై అని చెప్పమన్నాడండీ. కానీ సరుకు అది కాదు. వీడికి హోటల్ మేనేజిమెంటు చదివి, పెద్ద హోటల్లో వంట చేయాలని ఉంది!"

అన్న తరవాత ఆమెకు తెలిసింది తానేం చేసిందో. అది అతడు ఆమెను నమ్మి చెప్పిన మాట. వెనక బెంచీల నుంచి ఒకరిద్దరు పెద్దలు నవ్వారు. చరణ్‌తేజ చెవులు ఎర్రబడ్డాయి. తల ఎత్తలేదు. పాడేవారెవరూ లేరు. వేలం వేసేవారికి అంతకన్నా గడ్డు ఘడియ ఉండదు. పిల్లవాడి ఆశయం నలుగురి ముందూ నిలబడి ఉంది, చెయ్యెత్తేవారు లేరు.

అప్పుడు పాపాయమ్మ బెంచీ పట్టుకుని లేచింది.

"ఏవండీ టీచరు గారూ, నేను పాడొచ్చాండీ?"

నియమం ప్రకారం పాడకూడదు. పాట తోటి విద్యార్థులది. రాజకుమారి గారికి ఆ సంగతి తెలుసు, ఎందుకంటే నియమం పెట్టిందే ఆవిడ. కానీ అంత దూరం నుంచి వచ్చిన పెద్దావిడ అండీ అని అడిగితే కాదండీ అని చెప్పగలిగే నాలుక ఆ ప్రాంతంలో పుట్టినవారికి ఉండదు. "అయ్యో, పెద్దవారు. పాడండి మామ్మగారూ," అన్నారావిడ. ఆ ఒక్క మర్యాదతో వెనక బెంచీలకు కూడా పాట హక్కు వచ్చిందని ఆ క్షణాన ఎవరికీ తోచలేదు.

"మా కొల్లేటికోటలో నా చేతి చేపల పులుసుకి వంక పెట్టినోళ్ళు లేరండి. ఆ పులుసు మా కోడళ్ళకి సగమే చెప్పాను. కాస్త నా దగ్గర ఉంచుకున్నానండి, మరి వాళ్ళు నన్ను అడుగుతూ ఉండాలి గదా." పిల్లలు పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "వీడికి దాపరికం లేకుండా చెప్తాను. వీళ్ళ నాన్నతో నేను మాట్లాడుకుంటాను. ఎస్సై ఉద్యోగం మా ఇంట్లో ఎవరడిగారో నాకు తెలీదండి. ఇదేనండి నా పాట."

పైపాట రాలేదు. రావడానికి వీల్లేదు. లక్ష్మీదుర్గ డస్టరు చరిచేసరికి చరణ్‌తేజ ముఖం చొక్కా చేతితో తుడుచుకుంటున్నాడు. బెంచీకి పోతూ ఆమె పక్కన ఆగాడు. "నిన్ను చంపుతాను," అన్నాడు, కానీ గొంతులో కోపం లేదు.

చివరి వంతు లక్ష్మీదుర్గది. డస్టరు వైష్ణవి చేతికి మారింది. వైష్ణవికి ఆ గొంతు లేదు; పాఠం చదువుతున్నట్టు చాటింది.

"రకం లక్ష్మీదుర్గ. నోరు పెద్దది, మనసు కూడా పెద్దదే. తప్పు చేస్తే తనే ముందు ఒప్పుకుంటుంది, తరవాత మనల్నీ ఒప్పిస్తుంది. సరదా, దొరికినదాన్నల్లా వేలం వేయడం. ఆశయం..." ఆమె ఒక్కసారి స్నేహితురాలి వంక చూసింది. "ఆశయం ఇంజనీరు."

వెనక బెంచీలో గోపీనాథ్ ముఖం విప్పారింది. పక్కాయన వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు.

"ఆగండాగండి!" చరణ్‌తేజ లేచాడు. "నా బస్తా కుట్టు విప్పి నలుగురిలో కుమ్మరించావు గదా. నీ బస్తా కుట్టుతోనే అమ్మేస్తారేంటే?"

తరగతి నవ్వి, ఆమె ముఖం చూసి నవ్వు ఆపేసింది. లక్ష్మీదుర్గ ముందు రెండు దారులున్నాయి. ఇంజనీరే నిజమని అనవచ్చు. అలా అంటే జూన్‌లో విజయవాడ వెళ్ళాలి, ఎందుకంటే నలుగురిలో తండ్రికి ఇచ్చిన మాట అవుతుంది. లేదా నిజం చెప్పవచ్చు. చెబితే తండ్రి ముఖం మీద ఇప్పుడే వెలిగిన ఆ సంతోషాన్ని, తోటి వ్యాపారుల మధ్య, తన చేతులతో తానే ఆర్పాలి. తాను చరణ్‌తేజ గుట్టు బయటపెట్టి ఉండకపోతే ఆమె తప్పకుండా మొదటి దారే పట్టేది. అతడికి చేసినది తనకు చేసుకోకుండా తప్పించుకోవడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

"వైషూ, ఆశయం తప్పు. నేను చెప్పమంటేనే నువ్వు చెప్పావు." ఆమె తండ్రి వైపు చూడకుండా, కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "నేను ఊళ్ళోనే సీఈసీ చదువుతాను. తరవాత బీకాం. ఆ తరవాత మా కొట్లో ఆదివారం వేలం నేనే వేస్తాను."

గోపీనాథ్ నవ్వు ఇంకా ముఖం మీదే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టుగా. అప్పుడు రెండు బెంచీల అవతల నుంచి ఆంజనేయప్రసాద్ గొంతు సవరించుకున్నాడు.

"టీచరు గారూ, మామ్మగారికి ఇచ్చినట్టే మాకూ పాట ఇస్తారాండీ?"

కాదనడానికి రాజకుమారి గారికి ఆధారం లేకుండా పోయింది.

"అయితే నా పాట రాసుకోమ్మా. అమ్మాయి సీఈసీ చదివినన్నాళ్ళూ ప్రతి ఆదివారం మా కొట్లో వేలం వేయొచ్చు. గుమస్తా పక్కన నిలబెట్టి నేర్పిస్తాను. గోపీనాథ్ గారూ, మీకు అక్కర్లేని సరుకైతే మాకు కావాలండీ. ఇందాకటి నుంచి వింటున్నాను, ఇలాంటి గొంతు మన మార్కెట్లో లేదు."

అది సగం హాస్యం, సగం నిజం. ఏది ఏ సగమో చెప్పడం కష్టం. వైష్ణవి బిత్తరపోయింది. కానీ పాట వచ్చాక చాటక తప్పదు.

"ఆంజనేయప్రసాద్ గారి పాట... ఒకటోసారి."

గోపీనాథ్ నేల చూపులు చూస్తున్నాడు.

"రెండోసారి."

ఆ రెండు కొట్ల మధ్య దారి వెడల్పు ఒక లారీ పట్టేంత. ఇరవై ఏళ్ళుగా ఆ దారికి చెరో పక్కా కూర్చుని, బయటి ఊళ్ళ ఆర్డర్లకు సరుకు కొనేటప్పుడు వారిద్దరూ ఒకరి పాట మీద ఒకరు పాడుతూ వచ్చారు. ఇప్పుడు ఊరుకుంటే, తన కూతురు ఎదర కొట్లో వేలం వేస్తుందని సాయంత్రానికి గూడెమంతా చెప్పుకుంటుంది. ఇది పిల్లల ఆట, ఆపండి అని లేస్తే, నడుస్తున్న వేలంలోంచి లేచిపోయినవాడవుతాడు; మార్కెట్టులో అలాంటివాణ్ణి మరుసటి వారం నుంచి ఎవరూ లెక్కచేయరు. అతడు ఈ లెక్కంతా వేసుకున్నాడో లేదో తెలియదు. చూపుడువేలు మాత్రం, ప్రతి ఆదివారం లేచినట్టే, మూడోసారి అనబోయే నోటికి అడ్డంగా లేచింది.

"గోపీనాథ్ గారి పాట!" అని అరిచింది వైష్ణవి, మొదటిసారి గొంతు పెగిలి. తరవాత నియమం గుర్తొచ్చింది. "ఏమని పాడుతున్నారండీ?"

మార్కెట్టులో వేలు చాలు. ఇక్కడ మాట కావాలి. గోపీనాథ్ లేచి నిలబడ్డాడు. మోకాలు బల్లకు తగిలింది. కూతురి వైపు చూశాడు. ఆమె ఇంకా కిటికీ వైపే చూస్తోంది, డస్టరు లేని చేతులతో ఓణీ అంచు మెలిపెడుతూ.

"మా అమ్మాయి ఊళ్ళోనే సీఈసీలో చేరుతుంది," అన్నాడు. ఆగాడు. ఇంకా బరువు చాలదని వ్యాపారి బుద్ధికి తోచింది కాబోలు. "ఆదివారాలు మా కొట్లో, మా వీర్రాజు పక్కన నిలబడుతుంది. ఎదర కొట్లో కాదు."

గది ఘొల్లుమంది. ఆంజనేయప్రసాద్ రెండు చేతులూ ఎత్తాడు. "నేను దిగిపోయానండీ. అంత పాట నా వల్ల కాదు." అతడు గెలవడానికే పాడాడో, ఎదటివాడి చేత పాడించడానికి పాడాడో ఆ తరవాత ఎంతమంది అడిగినా చెప్పలేదు. వైష్ణవి ఒకటోసారీ రెండోసారీ మరిచిపోయి, నేరుగా మూడోసారి అని డస్టరు చరిచింది.

హాల్‌టికెట్టు తీసుకుని, సంతకం పెట్టి, గోపీనాథ్ కూతుర్ని స్కూటరు ఎక్కించుకున్నాడు. రైల్వే గేటు దగ్గరికి వచ్చారు. గేటు వేసి ఉంది. అతడు ఇంజను ఆపాడు.

"ఇంట్లో అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు."

"తెలుసు నాన్నగారూ. అందుకే అడగలేదు."

"అందుకని నలుగురిలో ఇరికించావా?"

"లేదండీ. ఇంజనీరని చెప్పమన్నదే నేను. చరణ్ అడిగాక ఊరుకోలేకపోయాను."

గోపీనాథ్ పట్టాల వైపు చూశాడు. "భీమవరంలో డిగ్రీ చదివినప్పుడు నేను చివరి బెంచీలో కూర్చునేవాణ్ణి అమ్మలూ. నా చొక్కాకి ఉల్లిపాయ వాసన. ఎవరూ పైకి ఏమీ అనేవారు కాదు, కాస్త జరిగి కూర్చునేవారు. అది నీకు అంటకూడదనుకున్నాను. అంతే తప్ప నీ గొంతు నాకు వినపడక కాదు. డాబా మీద నువ్వు ఆ పిల్లిని వేలం వేసినప్పుడు కింద నేను నవ్వలేక చచ్చాను."

"నాకా వాసన తెలియదు నాన్నగారూ," అంది లక్ష్మీదుర్గ. "పుట్టినప్పటి నుంచీ ఉన్నదే గదా."

గూడ్సు బండి వచ్చింది. అది వెళ్ళేదాకా మాట్లాడటం కుదరలేదు. వెళ్ళాక అతడు, "విజయవాడ వాళ్ళకి రేపు ఫోన్ చేస్తాను. మీ అమ్మకి ఎవరు చెప్పాలి?" అన్నాడు.

"పాడింది మీరు కదండీ."

అతడు వెనక్కి తిరిగి కూతురి వంక చూశాడు. స్కూటరు కిక్కు కొట్టాడు. గేటు లేచింది.

లక్ష్మీదుర్గ 2023లో బీకాం పూర్తి చేసి, ఆ ఏడు నవంబరు నుంచి తండ్రి కొట్లో ఆదివారం వేలం వేస్తోంది. మొదటి చలికాలంలో ఆమె గొంతు రెండుసార్లు పూర్తిగా పోయింది. ఆ రెండు ఆదివారాలూ వేలం వీర్రాజుకు వదలకుండా గోపీనాథే వేశాడు.